పట్టుపోగుకు వేలాడిన అయస్కాంతం

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "సార్, పిల్లలకు ఏదైనా చెప్పండి" అని ఇక్కడి సార్లు ఫోన్ చేసినప్పుడు నాకు ఒకటే తోచింది. మా ఊరి ఇంట్లో వేలాడుతున్న ఒక చిన్న అయస్కాంతం గురించి చెప్పాలి, దాని తాతముత్తాతల గురించి చెప్పాలి.

మా ఊరు పరకాల దగ్గర. మా బాపు కట్టించిన మట్టిగోడల ఇల్లు ఇంకా నిలబడే ఉంది. గూనపెంకల కప్పు, కట్టె వాసాలు. రిటైరయ్యాక ఆ ఇంటి లోపలి అర్రలో నేనొక పని మొదలుపెట్టాను. ల్యాబుల్లో మీరు వాడే బార్ మాగ్నెట్ లాంటిదే, చిన్నది, ఒకటి తీసుకున్నాను. దానికి గోరంత అద్దం ముక్క అతికించాను. మెలి లేని ఒక్క పట్టుపోగుతో దాన్ని అడ్డంగా వేలాడదీశాను. గాలి తగలకుండా చుట్టూ గాజు సీసా పెట్టాను. ఒక లేజర్ లైటు ఆ అద్దం మీద పడి, తిరిగి నాలుగు మీటర్ల అవతలి గోడ మీద ఎర్ర చుక్కగా పడుతుంది. గోడకు గ్రాఫ్ పేపరు. అంతే సరంజామా.

పొద్దున ఎనిమిదింటికి చుక్క ఎక్కడుందో పెన్సిలుతో గుర్తు పెడతాను. మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి చూస్తే చుక్క అక్కడ ఉండదు. ఐదారు మిల్లీమీటర్లు జరిగి ఉంటుంది. సాయంత్రానికి మెల్లగా వెనక్కి వస్తుంది. మళ్లీ తెల్లారి అదే వరస. ఎవరూ ముట్టుకోలేదు, తలుపు గొళ్లెం పెట్టే ఉంది. మరి ఎవరు కదిలించారు? సూర్యుడు. పగటి ఎండకు పై వాతావరణంలో, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున, గాలి అణువులు విద్యుదావేశం పొందుతాయి. అక్కడ గాలులు వీస్తుంటే కరెంటు పారుతుంది. ఆ కరెంటుకు ఒక అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అది కిందికి వచ్చి పరకాల దగ్గర మట్టి ఇంట్లో వేలాడే ముల్లును డిగ్రీలో సుమారు ఇరవై ఐదో వంతు తిప్పుతుంది. అద్దం ఎంత తిరిగితే వెలుగు దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి ఆ కాస్త కదలికా గోడ మీద కంటికి ఆనుతుంది.

మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని. పుస్తకంలో తెలిసిన సంగతే. అయినా గోడ మీద చూడడం వేరు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అద్దం, వెలుగు, స్కేలు, పట్టుపోగు అన్నీ 1830ల నాటివి. జర్మనీలో గ్యోటింగెన్ నగరంలో గౌస్ అనే గణిత మహానుభావుడు, ఆయన మిత్రుడు వెబర్ కలిసి వీటికి రూపం ఇచ్చారు. మీరు గౌస్ సిద్ధాంతం అని చదువుతారే, ఆ గౌస్. అంతకు ముందు అయస్కాంత బలాన్ని ఒక చోటితో ఇంకో చోటిని పోల్చి చెప్పేవారు. ఇక్కడ ఇంత, అక్కడ దానికి ఇన్నింతలు అని. పొడవు, బరువు, కాలం ఈ మూడింటితోనే ఆ బలాన్ని కొలిచి చెప్పవచ్చని చూపించింది గౌస్. ఎక్కడ ఎవరు కొలిచినా ఒకే లెక్క. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒక సంఘం కట్టి, రకరకాల దేశాల్లో ముందే అనుకున్న రోజున, ఒకే సమయానికి ముల్లు చూసి రాసుకునే ఏర్పాటు చేశారు. భూమి మొత్తాన్నీ ఒకేసారి కొలవాలన్న ఆలోచన అది.

ఆ ఆలోచనే మన దేశానికి వచ్చింది. లండన్ రాయల్ సొసైటీ కోరిక మీద ఈస్టిండియా కంపెనీ మద్రాసు, సిమ్లా, సింగపూర్, బొంబాయిల్లో అయస్కాంత పరిశీలనలకు ఏర్పాట్లు చేసింది. సిమ్లా, సింగపూర్ కొన్నేళ్లకే మూతపడ్డాయి. బొంబాయిలో కొలాబాది మాత్రం నిలిచింది. అక్కడ 1826లోనే ఒక అబ్జర్వేటరీ కట్టారు. నక్షత్రాలను చూడడానికి, రేవులోని ఓడలకు సరైన టైము చెప్పడానికి. అయస్కాంత పరిశీలనలు 1841లో మొదలయ్యాయి. ఆ రోజుల్లో అక్కడ సహాయకుడిగా చేరిన కుర్రవాడు కేరో లక్ష్మణ్ ఛత్రే. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ ప్రొఫెసర్ ఆర్లెబార్ కింద చేరి, అక్కడ దాదాపు పదేళ్లు పనిచేశాడు. తర్వాత పుణెలో గొప్ప గణిత అధ్యాపకుడయ్యాడు. బాలగంగాధర తిలక్ ఆయన శిష్యుడే. చరిత్ర పుస్తకాల్లో అబ్జర్వేటరీ అంటే దొరల పేర్లే ముందు కనబడతాయి. కానీ అక్కడ స్కేలు చదివి అంకెలు రాసిన వాళ్లలో ఇట్లాంటి మనవాళ్లు ఉన్నారు.

ఆ పని ఎట్లా ఉండేదో ఒక్కసారి ఊహించండి. చీకటి గది. మధ్యలో రాతి స్తంభం మీద పెట్టెలో వేలాడే అయస్కాంతం. దానికి దూరంగా టెలిస్కోపు. అందులోంచి చూస్తే అద్దంలో స్కేలు ప్రతిబింబం. స్కేలు మీద అంకె చదవాలి, టైము రాయాలి, గది వేడిమి రాయాలి. మళ్లీ గంటకు ఇంకోసారి. ఒక ముల్లు దిక్కు చూపిస్తుంది. ఇంకొకటి రెండు పోగులకు వేలాడుతూ, ఉత్తరం వైపు లాగే బలం ఎంత ఎక్కువైందో తక్కువైందో చూపిస్తుంది. పరికరాలు ఐర్లండ్‌లో డబ్లిన్ నగరానికి చెందిన గ్రబ్ చేసినవి. ఫోటో కాగితం మీద గీత దానంతటదే పడే పరికరాలు కొలాబాకు 1872లో గానీ రాలేదు. అప్పటిదాకా అంతా మనిషి కన్నే, మనిషి చెయ్యే. బొంబాయి వానాకాలం, బొంబాయి ఉక్కపోత, రాత్రి డ్యూటీ. ముల్లు సాధారణంగా చేసేది ఏముంటుంది? నిన్న ఎంత కదిలిందో ఈ రోజూ అంతే.

అట్లా పద్దెనిమిదేళ్లు గడిచాయి.

1859 సెప్టెంబర్ 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మీద మచ్చలను బొమ్మ గీస్తున్నాడు. అక్కడ పొద్దున పదకొండు దాటింది, బొంబాయిలో సాయంత్రం నాలుగు దాటింది. ఉన్నట్టుండి మచ్చల గుంపులో రెండు చోట్ల కళ్లు చెదిరే తెల్లని వెలుగు మెరిసింది. ఐదు నిమిషాల్లో ఆరిపోయింది. ఆ వెలుగు మనకు చేరడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. కానీ అదే సమయంలో సూర్యుడి నుంచి విడిపోయిన వేడి ఆవేశ కణాల మబ్బు ఒకటి ఉంది. మామూలుగా అది రెండు మూడు రోజుల ప్రయాణం. ఇది పదిహేడున్నర గంటల్లో వచ్చి భూమిని తాకింది.

సెప్టెంబర్ 2, శుక్రవారం. కొలాబాలో డ్యూటీలో ఉన్నవాళ్లకు ముల్లు తీరు మారిందని తెలిసింది. గంటకోసారి చూడడం ఆపి, పదిహేను నిమిషాలకోసారి, ఐదు నిమిషాలకోసారి చదవడం మొదలుపెట్టారు. బలం చూపే ముల్లు కిందికి జారింది. మధ్యాహ్నం కాకముందే దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. నానోటెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం. ఈ అంకె ఎంతటిదో చెబుతాను. ఇక్కడ, మన తెలంగాణలో, ఆ బలం సుమారు 40 వేల నానోటెస్లాలు. మామూలు రోజున పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా కొన్ని పదుల నానోటెస్లాలు. తీవ్రమైన అయస్కాంత తుఫాను అని మనం పేరు పెట్టేది వంద దాటితే. మరి ఇది పదహారు వందలు!

ఆ రోజు ఐరోపాలో ఫోటో కాగితాల మీద గీతలు గీసే ఖరీదైన పరికరాలు ఉన్నాయి. కదలిక అంత పెద్దది కావడంతో వెలుగు చుక్క కాగితం దాటి అవతల పడింది. గీత మధ్యలో తెగిపోయింది. కొలాబాలో మాత్రం ఎవరో కుర్చీలోంచి లేవకుండా, ఐదు నిమిషాలకో అంకె రాస్తూ కూర్చున్నారు. ఆ కూర్చున్న మనిషి పేరు నాకు దొరకలేదు. దొరికితే ఈ వేదిక మీద రాసి పెట్టేవాణ్ని.

అమెరికాలో ఆ తుఫానుకు టెలిగ్రాఫ్ తీగల్లో దానంతటదే కరెంటు పుట్టింది. బోస్టన్, పోర్ట్‌లండ్‌ల మధ్య బ్యాటరీలు తీసేసి ఆ కరెంటుతోనే సందేశాలు పంపుకున్నారు. ధ్రువాల దగ్గర కనిపించే వెలుగులు క్యూబా దాకా కనిపించాయి. ఈ ముచ్చట్లు చాలామందికి తెలుసు. కానీ తుఫాను ఎంత పెద్దదో కొలిచి చెప్పాలంటే ముచ్చట్లు చాలవు. అంకె కావాలి. అది కూడా ధ్రువాలకు దూరంగా, భూమధ్యరేఖకు కాస్త దగ్గరి చోటుది కావాలి. ఎందుకంటే తుఫానప్పుడు భూమి చుట్టూ, చాలా ఎత్తున, ఒక పెద్ద కరెంటు చక్రం ఏర్పడుతుంది. దాని బలం తేటగా తెలిసేది మనలాంటి చోట్లలోనే. ధ్రువాల దగ్గర ఇంకా వేరే కరెంట్ల గోల కలిసిపోతుంది.

కొలాబా అంకెలు అచ్చయిన పాత పుస్తకాల్లో పడి ఉన్నాయి. 2003లో అమెరికా, బ్రెజిల్ శాస్త్రవేత్తలతో కలిసి మన భారతీయ భూ అయస్కాంత సంస్థకు చెందిన జి.ఎస్. లఖీనా, ఎస్. అలెక్స్ ఆ రికార్డును ప్రపంచం ముందు పెట్టారు. దాన్నిబట్టి తుఫాను తీవ్రత సరిగ్గా ఎంతనే దాని మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. నడవనివ్వండి. ఆ వాదనలన్నీ ఆ పేజీ మీదే నిలబడి ఉన్నాయి. రాసి 144 ఏళ్లు అయ్యాక ఆ పేజీ అక్కరకొచ్చింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. నానాభాయ్ అర్దేషిర్ ఫ్రామ్‌జీ మూస్. పార్సీ. పుట్టింది 1859లోనే, ఆ తుఫాను ఏడాదిలోనే. 1896లో కొలాబా అబ్జర్వేటరీకి తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి బొంబాయిలో గుర్రాలు లాగే ట్రాములు తిరుగుతున్నాయి. వాటి బదులు కరెంటు ట్రాములు వస్తాయని తేలింది. పట్టాల గుండా పారే కరెంటు భూమిలోకి కూడా జారుతుంది. అంత దగ్గరలో అట్లాంటి కరెంటు పారితే, పట్టుపోగుకు వేలాడే ముల్లు ఇక భూమి మాట వినదు, ట్రాము మాట వింటుంది.

మూస్ ఏం చేశారు? కొత్త చోటు వెతికారు. సముద్రానికి అవతల, ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న అలీబాగ్ దొరికింది. ఇల్లు కట్టడానికి పోర్‌బందర్ నుంచి ఇసుకరాయి తెప్పించారు, అందులో అయస్కాంత గుణం లేదు కాబట్టి. తలుపు బందులకు, మేకులకు ఇనుము వాడలేదు. ఇత్తడి, రాగి. లోపల వేడిమి పెద్దగా మారకుండా మందపు గోడలు.

ఇంతవరకు మంచి ఇంజనీరు ఎవరైనా చేస్తాడు. ఆయన గొప్పతనం తర్వాతి అడుగులో ఉంది. 1904లో అలీబాగ్ పని మొదలయ్యాక కొలాబాను వెంటనే మూసేయలేదు. 1906 దాకా, రెండేళ్లు, రెండు చోట్లా ఒకేసారి కొలిచారు. ఎందుకు? అలీబాగ్ అంకె కొలాబా అంకెకు సమానం కాదు. నేల వేరు, రాళ్లు వేరు. రెండింటికీ తేడా ఎంతో తెలియాలి. తెలిస్తేనే 1841లో మొదలైన దారానికి కొత్త దారం ముడిపడుతుంది. లేకపోతే రెండు తెగిన ముక్కలు మిగులుతాయి. మన ఇళ్లల్లో పెరుగు తోడు పెట్టడం చూశారు కదా. పాత గిన్నెలోది చెంచాడు కొత్త పాలల్లో పడాలి. ఆ చెంచాడు కోసం ఆయన రెండేళ్లు ఆగారు. కరెంటు ట్రాములు 1907లో పరుగెత్తాయి. అప్పటికి ముల్లు భద్రంగా అలీబాగ్ చేరింది. 1910లో ఆయన 1846 నుంచి 1905 దాకా అరవై ఏళ్ల పరిశీలనలను విశ్లేషించి పెద్ద గ్రంథంగా అచ్చు వేయించారు. అలీబాగ్‌లో ఈ రోజుకీ కొలుస్తూనే ఉన్నారు. భూ అయస్కాంత సంస్థ 1971 నుంచి దాన్ని చూసుకుంటోంది.

టోక్యో అబ్జర్వేటరీ కూడా ట్రాముల వల్లే కకియోకా అనే చోటికి పోయింది. ఇంగ్లండ్‌లో గ్రీనిచ్ ముల్లు రైళ్ల కరెంటు వల్ల అబింజర్‌కు, అక్కడి నుంచి మళ్లీ హార్ట్‌లండ్‌కు పోయింది. ఎక్కడైనా ఇదే కథ.

మన దగ్గరా అదే జరిగింది. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ ఉంది, 1961లో పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. ఆ ఆవరణలో 1964లో అయస్కాంత అబ్జర్వేటరీ మొదలైంది. అప్పుడు ఉప్పల్ అంటే ఊరి అవతల. ఇప్పుడు? మీలో వరంగల్ నుంచి బస్సులో హైదరాబాద్ పోయినవాళ్లు ఉప్పల్లో దిగి మెట్రో ఎక్కే ఉంటారు. అక్కడి నుంచి రెండో స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. కొలిచే ముల్లుకు కూతవేటు దూరంలో మెట్రో స్టేషన్! అందుకే విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దగ్గర, నగరం గోలకు దూరంగా, ఎన్‌జీఆర్‌ఐ ఇంకో అబ్జర్వేటరీ కట్టుకుంది. మూస్ గారు నడిచిన దారే.

ఇట్లాంటి చోట పని ఎట్లా జరుగుతుందో కూడా చెప్పాలి. ఇప్పుడు సెన్సర్లు సెకనుకో అంకె రాస్తాయి. అయినా మనిషి పోలేదు. సెన్సర్ చెప్పేది మార్పును మాత్రమే. దాని కింద స్తంభం కాస్త ఒరిగినా, వేడి కాస్త పెరిగినా అది తప్పు చెబుతుంది, తప్పు చెబుతున్నానని దానికి తెలియదు. అందుకని మనిషి తరచూ వెళ్లి చేత్తో కొలిచి సరిచూస్తాడు. లోపలికి వెళ్లేముందు ఫోన్, తాళంచెవులు, బెల్టు, చేతిగడియారం అన్నీ బయట పెడతాడు. కళ్లజోడు ఫ్రేములో ఇనుముంటే అదీ బయటే. ఇనుము లేకుండా చేసిన థియోడలైట్‌కు, అంటే కోణాలు కొలిచే టెలిస్కోపు పరికరానికి, చిన్న సెన్సర్ బిగించి ఉంటుంది. దాన్ని తూర్పుకు, పడమరకు, తలకిందులుగా, నిలువుగా తిప్పుతూ ప్రతి స్థితిలోనూ కోణం చదువుతాడు. పరికరంలో ఉన్న లోపం ఒక వైపు కూడిక, ఇంకో వైపు తీసివేత అయి పోతుంది. మిగిలేది భూమి చెప్పే కోణం. గౌస్ ఈ రోజు బతికి వచ్చినా ఆ గదిలో ఏం జరుగుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒకమ్మాయి ఇందాక బయట అడిగింది, "సార్, మన వరంగల్‌కూ దీనికీ ఏం సంబంధం?" అని. మంచి ప్రశ్న బిడ్డా. ఫోన్లో దిక్సూచి తెరిచి రామప్ప గుడి పక్కన పెట్టి చూడు. అక్కడ చెక్కిన నల్లరాయి డోలరైట్. అందులో మాగ్నెటైట్ ఉంటుంది, మన పెద్దలు సూదంటురాయి అన్నది దాన్నే. ఇంకాస్త పైకి, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అది కూడా మాగ్నెటైట్ ఖనిజంతో చేసిందే. అంటే మన నేలలోనే ముల్లును లాగే గుణం ఉంది. అబ్జర్వేటరీకి చోటు చూసేవాళ్లు ముందు వెతికేది ఇదే, కింద ఇట్లాంటి రాయి ఉందా లేదా అని.

రెండో సంబంధం రామగుండం కరెంటు కేంద్రం. 1989 మార్చి 13న ఇట్లాంటి తుఫానుకే కెనడాలో క్యూబెక్ రాష్ట్రం కరెంటు వ్యవస్థ తొంభై సెకన్లలో కుప్పకూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. ముల్లును ఊపే ఆ మార్పే నేలలోనూ కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు ఎర్త్ తీగ గుండా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలోకి ఎక్కుతుంది. మనం ధ్రువాలకు దూరం కాబట్టి మనకు ప్రమాదం చాలా తక్కువ. టెన్షన్ పడనక్కర్లేదు. కానీ 1859 అంతటిది వస్తే వందల కిలోమీటర్ల లైన్లు ఏం చేస్తాయో లెక్క కట్టే ఇంజనీర్లకు ఆ కొలాబా పేజీ కావాల్సిందే.

ఇక నా నోట్‌బుక్ సంగతి. ఇదిగో, ఇదే. నాలుగు గీతల పట్టిక. తేదీ, టైము, చుక్క చోటు, గది వేడిమి. రోజుకు ఐదు సార్లు రాస్తాను. ఒక పేజీలో చుక్క హఠాత్తుగా పక్కకు దూకింది. నాకు గుండె ఝల్లుమంది. తుఫానేమో అని బయటికి పరుగెత్తితే, మా తమ్ముడి కొడుకు బండి తెచ్చి ఆ అర్ర గోడకే ఆనించి పెట్టాడు. దాని ఇనుము. బండి తీయించగానే చుక్క తిరిగి వచ్చింది. అది కూడా రాసి పెట్టాను.

ఈ పేజీ చూడండి. 2024 మే 10, శుక్రవారం. రాత్రి ఎనిమిదికి ఒక అంకె ఉంది. తర్వాతిది తెల్లారి ఆరున్నరకు. మధ్యలో ఖాళీ. ఆ రాత్రి పదిన్నర దాటాక, ఇరవై ఏళ్లలో రానంత పెద్ద అయస్కాంత తుఫాను భూమిని తాకింది. సగటు బలం దాదాపు 400 నానోటెస్లాలు పడింది. లద్దాఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబారింది, ఫోటోలు మీరూ చూశారు. మా అర్రలో ఆ చుక్క ఆ రాత్రంతా గోడ మీద నడిచే ఉంటుంది. నేను పక్క అర్రలో నిద్రపోయాను. మరునాడు ఫోన్లో వార్త చూసి, ఈ ఖాళీ గడుల ముందు చాలాసేపు కూర్చున్నాను. చౌటుప్పల్లో సెన్సర్లు ఆ రాత్రిని పూర్తిగా రాసుకున్నాయి, అలీబాగ్‌లో రాసుకున్నాయి. దేశానికి ఏ లోటూ లేదు. కానీ నాకు ఆ రోజే కొలాబాలో కుర్చీ మీద కూర్చున్న ఆ మనిషి నిజంగా అర్థమయ్యాడు.

అందుకే ఇప్పుడు నాకు తోడు కావాలి. ఒక్కడి వల్ల రాత్రి డ్యూటీ కాదు. మా ఊళ్లో ఇంటర్ చదివే ఇద్దరు వస్తున్నారు. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఆదివారం రండి. మా చెల్లె అందరికీ వండి పెడతానంది. నోట్‌బుక్ చూడవచ్చు, చుక్క కదలడం చూడవచ్చు, కావాలంటే మీ చేత్తో ఒక అంకె రాయవచ్చు. ఒక్కటే మాట. బండ్లు ఇంటి దాకా తేకండి. చెరువు కట్ట దగ్గర చింతచెట్టు ఉంది, అక్కడ ఆపి నడిచి రండి.